క్విక్‌సార్ట్ ప్రోగ్రాములో దోషనివారణ

క్విక్‌సార్ట్ ప్రోగ్రాములో దోషనివారణ అనగా, క్విక్‌సార్ట్ అనే పునరావృత క్రమీకరణ పద్ధతి (సార్టింగ్ అల్గారిథమ్) ఆధారంగా వ్రాసిన ప్రోగ్రాములోని తప్పులను కనిపెట్టి, వాటి కారణాన్ని గుర్తించి, సరిచేసే ప్రక్రియ. దీనినే సాధారణంగా డీబగ్గింగ్ అంటారు. కంప్యూటరు శాస్త్రం చదివే విద్యార్థులు రికర్షన్ (ఒక ఫంక్షను తనను తానే పిలుచుకొనే పద్ధతి) నేర్చుకొనేటప్పుడు వ్రాసే తొలి ప్రోగ్రాములలో క్విక్‌సార్ట్ ఒకటి. పట్టుమని పదిహేను పంక్తులు కూడా లేని ఈ ప్రోగ్రాములో ఒక్క గుర్తు తప్పుగా పడితే చాలు, ప్రోగ్రాము ఎప్పటికీ ఆగకపోవచ్చు, జాబితాలోని కొన్ని సంఖ్యలు మాయమైపోవచ్చు, లేదా తప్పు ఫలితం సరైన ఫలితంలాగే తెరపై కనబడవచ్చు. ఈ మూడింటిలో చివరిది అన్నిటికంటే ప్రమాదకరమైనది. ఎందుకనగా అటువంటి ప్రోగ్రాము ఏ హెచ్చరికనూ ఇవ్వదు.

రికర్షన్ ఆధారంగా పనిచేసే ప్రోగ్రాములో పిలుపులను మొదటి నుండి చివరి వరకు మనస్సులో అనుసరించడం చాలా కష్టం. అందువలన ప్రతి పిలుపు పాటించవలసిన కొద్దిపాటి నియమాలను ముందుగా నిర్ణయించుకొని, వాటిలో ఏది ఎక్కడ తప్పిందో అతి చిన్న ఉదాహరణతో పట్టుకోవడం ఈ దోషనివారణకు మూలసూత్రం.

చరిత్ర

క్విక్‌సార్ట్‌ను బ్రిటిష్ కంప్యూటరు శాస్త్రవేత్త సి.ఎ.ఆర్. హోర్ (టోనీ హోర్) రూపొందించాడు. ఇతడు 1934లో అప్పటి సిలోన్ రాజధాని కొలంబోలో జన్మించాడు. 1959లో మాస్కో ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్నప్పుడు, రష్యన్ వాక్యాలను యంత్రం ద్వారా ఆంగ్లంలోనికి అనువదించే సమస్యపై పనిచేస్తుండగా అతనికి ఈ ఆలోచన కలిగింది. ఆ రోజులలో నిఘంటువు అయస్కాంతపు టేపు మీద అకారాది క్రమంలో ఉండేది. వాక్యంలోని మాటలను కూడా ముందుగా అదే క్రమంలో పేర్చుకుంటే, టేపును ఒక్కసారి నడిపించి అన్ని మాటలకూ అర్థాలు వెతకవచ్చు. అందుకోసం వేగంగా క్రమీకరించే పద్ధతి అవసరమైంది.

ఇంగ్లండుకు తిరిగి వచ్చిన తరువాత హోర్ ఎలియట్ బ్రదర్స్ అనే కంప్యూటర్ల తయారీ సంస్థలో చేరాడు. అక్కడ అతనికి అప్పగించిన తొలి పనులలో ఒకటి షెల్‌సార్ట్ అనే మరొక పద్ధతికి ప్రోగ్రాము వ్రాయడం. అంతకంటే వేగమైన పద్ధతి తనకు తెలుసునని చెప్పి, పై అధికారితో ఆరు పెన్నీలు పందెం కాసి గెలిచాడు. అయితే రికర్షన్‌కు వీలు కల్పించే ఆల్గాల్ 60 భాష పరిచయమైన తరువాతనే ఈ పద్ధతిని క్లుప్తంగా, స్పష్టంగా వ్రాయడం అతనికి సాధ్యమైంది. క్విక్‌సార్ట్ 1961లో అమెరికాకు చెందిన కంప్యూటరు శాస్త్ర సంఘం ఏ.సి.ఎం. పత్రికలో ప్రచురితమైంది. 1962లో హోర్ దీనిపై వివరమైన వ్యాసం ప్రకటించాడు. 1980లో అతనికి ట్యూరింగ్ పురస్కారం లభించింది.

యంత్రాలలోని లోపాన్ని "బగ్" (పురుగు) అనడం కంప్యూటర్లకంటే పాత అలవాటు. థామస్ ఆల్వా ఎడిసన్ 1878 నాటికే ఈ మాటను వాడాడు. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటరులోని ఒక రిలేలో చిక్కుకున్న చిమ్మటను అక్కడివారు తీసి, దినచర్య పుస్తకంలో అంటించారు. ఆ సంఘటనతో ఈ మాట మరింత ప్రచారం పొందింది.

పనిచేసే విధానం

క్విక్‌సార్ట్ "విభజించి సాధించు" అనే సూత్రంపై ఆధారపడి ఉంటుంది. ముందుగా జాబితాలో ఒక అంశాన్ని ఎన్నుకుంటారు. దీనిని పైవట్ (ఇరుసు) అంటారు. పైవట్ కంటే చిన్నవైన లేదా దానికి సమానమైన అంశాలను దానికి ఎడమవైపునకు, పెద్దవాటిని కుడివైపునకు చేరుస్తారు. దీనిని విభజన అంటారు. విభజన పూర్తయ్యేసరికి పైవట్ తన శాశ్వత స్థానానికి చేరుకుంటుంది. ఆ తరువాత ఎడమ భాగాన్ని, కుడి భాగాన్ని వేరువేరుగా ఇదే పద్ధతిలో క్రమీకరిస్తారు.

విద్యార్థులకు సాధారణంగా నేర్పే విభజన పద్ధతి నికో లొముటో పేరుతో ప్రసిద్ధమైనది. చాలా భాషలలో వలెనే ఇక్కడ కూడా స్థానాల లెక్క 0 నుండి మొదలవుతుంది. "వరుస" అనేది సంఖ్యల జాబితా.

విభజన (ఎడమ, కుడి):
1. పైవట్ = వరుస[కుడి]
2. హద్దు = ఎడమ
3. జ విలువ ఎడమ నుండి (కుడి − 1) వరకు మారుతుండగా: వరుస[జ] ≤ పైవట్ అయితే, వరుస[హద్దు], వరుస[జ] లను తారుమారు చేసి, హద్దును 1 పెంచు
4. వరుస[హద్దు], వరుస[కుడి] లను తారుమారు చేయి
5. హద్దును జవాబుగా ఇవ్వు

క్విక్‌సార్ట్ (ఎడమ, కుడి):
1. ఎడమ ≥ కుడి అయితే ఏమీ చేయక తిరిగి వెళ్ళు
2. మధ్య = విభజన (ఎడమ, కుడి)
3. క్విక్‌సార్ట్ (ఎడమ, మధ్య − 1)
4. క్విక్‌సార్ట్ (మధ్య + 1, కుడి)

ఉదాహరణ

ఆరుగురు విద్యార్థుల మార్కులు 56, 34, 78, 12, 91, 45 అనుకొందాం. చివరి సంఖ్య 45 పైవట్ అవుతుంది. ప్రారంభంలో హద్దు 0. 

- 56 పైవట్ కంటే పెద్దది కనుక అలాగే ఉంటుంది. 
- 34 చిన్నది కనుక 0వ స్థానానికి వస్తుంది. జాబితా 34, 56, 78, 12, 91, 45, హద్దు 1. 
- 78 పెద్దది. మార్పు లేదు. 
- 12 చిన్నది కనుక 1వ స్థానానికి వస్తుంది. జాబితా 34, 12, 78, 56, 91, 45, హద్దు 2. 
- 91 పెద్దది. మార్పు లేదు. 
- చివరగా పైవట్ 45ను 2వ స్థానంలోని 78తో తారుమారు చేయగా 34, 12, 45, 56, 91, 78 వస్తుంది. 

ఇప్పుడు 45 తన స్థానంలో ఉన్నది. దాని ఎడమ భాగం (34, 12), కుడి భాగం (56, 91, 78) విడివిడిగా క్రమీకరింపబడి 12, 34, 45, 56, 78, 91 లభిస్తుంది. ఈ క్రమంలో క్విక్‌సార్ట్ ఫంక్షను మొత్తం 7 సార్లు పిలువబడుతుంది. ప్రతి పిలుపు లోతును బట్టి గీతలు పెడితే, ఆ పిలుపులు ఈ విధంగా ఉంటాయి:

(0, 5)
— (0, 1)
— — (0, −1)
— — (1, 1)
— (3, 5)
— — (3, 3)
— — (5, 5)

ఇందులో మూడవ పిలుపు (0, −1) గమనింపదగినది. ఇది ఒక్క అంశం కూడా లేని ఖాళీ భాగం. పైవట్ తన భాగంలో అన్నిటికంటే చిన్నదైతే దాని ఎడమవైపు ఏమీ మిగలదు. కొత్తగా నేర్చుకొనేవారు తరచు మరచిపోయే సందర్భం ఇదే.

సరైన ప్రోగ్రాముకు కావలసిన నియమాలు

క్విక్‌సార్ట్ ప్రోగ్రాము సరిగా పనిచేయవలెనంటే ప్రతి పిలుపులోను మూడు నియమాలు నెరవేరాలి.

1. ముగింపు నియమం: భాగంలో ఒక్క అంశం ఉన్నా, అసలు ఏదీ లేకపోయినా ఫంక్షను వెంటనే ఆగిపోవాలి.
2. తగ్గుదల నియమం: ఒక పిలుపు లోపల జరిగే ప్రతి పిలుపు, తన తల్లి పిలుపు కంటే తప్పనిసరిగా చిన్న భాగంపై జరగాలి. సమానమైన భాగంపై కూడా జరగరాదు.
3. సంరక్షణ నియమం: విభజనకు ముందు ఉన్న అంశాలన్నీ విభజన తరువాత కూడా ఉండాలి. పైవట్‌కు ఎడమవైపు దానికంటే పెద్దది గాని, కుడివైపు దానికంటే చిన్నది గాని ఉండరాదు.

మొదటి రెండు నియమాలలో ఏది తప్పినా ప్రోగ్రాము ఆగదు. మూడవది తప్పితే ప్రోగ్రాము ఆగుతుంది గాని జవాబు తప్పుతుంది. కనుక బయటకు కనిపించే లక్షణాన్ని బట్టి ఏ నియమాన్ని ముందుగా అనుమానించాలో తెలుసుకోవచ్చు.

సాధారణంగా కనిపించే దోషాలు

ముగింపు షరతు అసంపూర్ణంగా ఉండడం

"ఎడమ ≥ కుడి" అని వ్రాయవలసిన చోట "ఎడమ = కుడి" అని వ్రాయడం తరచుగా జరిగే పొరపాటు. ఒక్క అంశం ఉన్న భాగం వద్ద ఈ షరతు పనిచేస్తుంది. కాని పై ఉదాహరణలోని (0, −1) వంటి ఖాళీ భాగం వచ్చినప్పుడు 0, −1 సమానం కావు కనుక ప్రోగ్రాము విభజనలోనికి వెళ్తుంది. 

దీని పర్యవసానం భాషను బట్టి మారుతుంది. పైథాన్ భాషలో −1వ స్థానం అంటే జాబితాలోని చివరి అంశం అని అర్థం. కనుక ప్రోగ్రాము వెంటనే ఆగిపోక, జాబితాలోని మొదటి, చివరి అంశాలను తారుమారు చేసి, మళ్ళీ (0, −1) నే పిలుచుకుంటుంది. ఈ పిలుపులు పైథాన్ విధించిన పరిమితి (మామూలుగా 1000) దాటినప్పుడు రికర్షన్ లోతు మించిపోయినదని తెలిపే సందేశం వస్తుంది. సి భాషలో అయితే వరుసకు బయట ఉన్న జ్ఞాపకస్థానాన్ని తాకడం జరుగుతుంది. అప్పుడు ఏమి జరుగుతుందో భాషా నియమాలు హామీ ఇవ్వవు.

పైవట్‌ను మళ్ళీ భాగంలో చేర్చడం

మూడవ పంక్తిలో (ఎడమ, మధ్య − 1) బదులు (ఎడమ, మధ్య) అని వ్రాస్తే తగ్గుదల నియమం తప్పుతుంది. ఈ దోషం ఉన్న ప్రోగ్రాముకు 2, 1 అనే జాబితా ఇస్తే సరైన జవాబు వస్తుంది. అప్పటికే క్రమంలో ఉన్న 1, 2 అనే జాబితా ఇస్తే మాత్రం ప్రోగ్రాము ఆగదు. ఎందుకనగా పైవట్ 2 చివరి స్థానంలోనే ఉండిపోతుంది, మధ్య విలువ 1 అవుతుంది, ఎడమ భాగంగా మళ్ళీ (0, 1) నే పిలుస్తారు. పిలుపుల జాబితాలో (0, 1), (0, 1), (0, 1) అని ఒకే జంట వరుసగా కనబడడం ఈ దోషానికి గుర్తు. క్రమంలో లేని జాబితాలతో మాత్రమే పరీక్షించి తృప్తిపడరాదనడానికి ఇది మంచి ఉదాహరణ.

లెక్క ఒకటి ఎక్కువ కావడం

విభజనలోని జ విలువను (కుడి − 1) వరకు గాక కుడి వరకు పోనిస్తే, పైవట్ తనతో తానే పోల్చబడుతుంది. సమానం కనుక హద్దు ఒకటి అదనంగా పెరుగుతుంది. 1, 2 అనే జాబితాలో హద్దు 2కు చేరుతుంది. రెండే అంశాలున్న వరుసలో 2వ స్థానం లేదు. కనుక నాలుగవ పంక్తి వద్ద స్థానం హద్దు దాటినదన్న దోషసందేశం వస్తుంది. ఇటువంటి సందేశం వచ్చినప్పుడు ఆ పంక్తిని మాత్రమే చూడక, ఆ విలువను అక్కడికి తెచ్చిన పంక్తిని వెతకాలి.

రెండు పద్ధతులను కలగలపడం

హోర్ మొదట చెప్పిన విభజన వేరు, లొముటో విభజన వేరు. హోర్ పద్ధతిలో రెండు సూచికలు వరుస రెండు చివరల నుండి బయలుదేరి ఒకదానికొకటి ఎదురు వస్తాయి. పాఠ్యపుస్తకాలలో కనబడే దాని రూపంలో మొదటి అంశమే పైవట్. ఈ విభజన ఇచ్చే జవాబు పైవట్ స్థానాన్ని సూచించదు, రెండు భాగాల మధ్య సరిహద్దును మాత్రమే సూచిస్తుంది. అందువలన ఎడమ భాగాన్ని (ఎడమ, మధ్య) అని, కుడి భాగాన్ని (మధ్య + 1, కుడి) అని పిలవాలి. ఒక పుస్తకం నుండి హోర్ విభజనను, మరొక పుస్తకం నుండి లొముటో పిలుపులను తీసుకొని అతికిస్తే, రెండూ విడివిడిగా సరైనవే అయినా కలిపిన ప్రోగ్రాము తప్పవుతుంది.

ఉదాహరణకు 3, 1, 2 అనే జాబితాను తీసుకొందాం. హోర్ విభజన దీనిని 2, 1, 3గా మార్చి, సరిహద్దు 1 అని చెబుతుంది. అనగా 0, 1 స్థానాలు ఎడమ భాగం, 2వ స్థానం కుడి భాగం. కాని "మధ్య − 1" అని వ్రాసినందువలన (0, 0), (2, 2) అనే పిలుపులు మాత్రమే జరుగుతాయి. 1వ స్థానంలోని అంశాన్ని ఎవరూ పట్టించుకోరు. తుది ఫలితంగా 2, 1, 3 వెలువడుతుంది. ప్రోగ్రాము ఏ ఫిర్యాదూ లేకుండా ముగుస్తుంది.

సమాన విలువలు మాయం కావడం

కొన్ని భాషలలో క్విక్‌సార్ట్‌ను కొత్త జాబితాలతో వ్రాస్తారు. పైవట్ కంటే చిన్నవాటితో ఒక జాబితా, పెద్దవాటితో ఒక జాబితా తయారుచేసి, రెండింటినీ క్రమీకరించి, మధ్యలో పైవట్‌ను ఉంచి కలుపుతారు. పైవట్‌కు సమానమైన ఇతర అంశాలను ఏ జాబితాలోను చేర్చకపోతే అవి పోతాయి. 4, 2, 4, 1 ఇస్తే 1, 2, 4 మాత్రమే తిరిగి వస్తుంది. ఫలితం క్రమంలోనే ఉంటుంది కనుక పైపైన చూసినవారికి తప్పు తెలియదు. ఇచ్చిన అంశాల సంఖ్యను, వచ్చిన అంశాల సంఖ్యను పోల్చితే వెంటనే బయటపడుతుంది. మార్కుల జాబితాలో ఒకే మార్కు తెచ్చుకున్న ఇద్దరు విద్యార్థులలో ఒకరి పేరు ఎగిరిపోవడం ఎంత అన్యాయమో ఆలోచిస్తే, ఈ దోషం యొక్క తీవ్రత అర్థమవుతుంది.

చలరాశి అందరికీ ఒకటే కావడం

రికర్షన్‌లో ప్రతి పిలుపునకు తనదైన "మధ్య" విలువ ఉండాలి. కంప్యూటరు ఇందుకోసం స్టాక్ అనే ఏర్పాటును వాడుకుంటుంది. ఒక పని మధ్యలో మరొక పని వచ్చినప్పుడు మొదటి పని కాగితాలను బల్లపై ఉంచి, వాటిపైన రెండవ పని కాగితాలను పెట్టుకొని, రెండవది ముగిశాక వాటిని తీసివేసి మొదటిదానిని కొనసాగించినట్లుగా స్టాక్ పనిచేస్తుంది. "మధ్య"ను ఫంక్షనుకు బయట ప్రకటిస్తే, అన్ని పిలుపులూ ఒకే కాగితంపై వ్రాసి చెరిపినట్లవుతుంది. ఎడమ పిలుపు ముగిసి వచ్చేసరికి తల్లి పిలుపు దాచుకున్న విలువ చెరిగిపోయి ఉంటుంది.

చిత్రమేమిటంటే, పైన ఇచ్చిన ప్రోగ్రాములో ఈ పొరపాటు జరిగినా జవాబు సరిగానే వస్తుంది. చెరిగిన విలువ ఎప్పుడూ అసలు విలువకంటే ఎక్కువ కాదు కనుక, కుడి పిలుపు అవసరమైనదానికంటే పెద్ద భాగాన్ని క్రమీకరిస్తుంది. కాని పని వృథాగా పెరుగుతుంది. పై ఆరు మార్కుల ఉదాహరణలో 7 పిలుపులకు బదులు 15 పిలుపులు జరుగుతాయి. ఇటువంటి దోషం జవాబులో కనబడదు, పిలుపుల లెక్కలోనే కనబడుతుంది.

దోషంలా కనబడినా దోషం కానివి

అనుమానం కలిగించే ప్రతి గుర్తూ దోషం కాదు. లొముటో విభజనలో "≤" బదులు "<" వ్రాసినా జవాబు మారదు. పైవట్‌కు సమానమైన అంశాలు ఎడమ భాగానికి బదులు కుడి భాగంలో చేరుతాయి, అంతే. కారణం తెలియకుండా గుర్తులను ఒక్కొక్కటిగా మార్చి చూస్తూ పోతే ఒక దోషం పోయి మరొకటి చేరే అవకాశం ఉంది.

దోషాన్ని కనిపెట్టే పద్ధతి

1. తప్పును తిరిగి రప్పించుట: ఏ జాబితాకు తప్పు జవాబు వస్తున్నదో అదే జాబితాతో ప్రతిసారి తప్పు వచ్చేటట్లు చూసుకోవాలి.
2. ఉదాహరణను కుదించుట: జాబితా నుండి ఒక్కొక్క సంఖ్యను తీసివేస్తూ, తప్పు ఇంకా వస్తున్నదో లేదో చూడాలి. క్విక్‌సార్ట్‌లోని దోషాలు చాలావరకు మూడు నాలుగు అంశాలకే బయటపడతాయి. వంద సంఖ్యలతో గంటసేపు వెతకడం కంటే మూడు సంఖ్యలతో కాగితంపై చేయడం తేలిక.
3. విభజనను విడిగా పరీక్షించుట: విభజనలో రికర్షన్ లేదు. కనుక ముందుగా దానిని ఒంటరిగా పరీక్షించాలి. అది సరైనదని తేలితే దోషం ముగింపు షరతులో గాని, రెండు పిలుపులలో గాని ఉండాలి.
4. పిలుపులను ముద్రించుట: ఫంక్షను మొదటి పంక్తిలోనే ఎడమ, కుడి విలువలను, లోతును బట్టి కొంత ఖాళీ వదలి ముద్రించాలి. ఒకే జంట వరుసగా వస్తే తగ్గుదల నియమం తప్పినట్లు. ఏదైనా స్థానం ఏ పిలుపులోనూ చేరక, పైవట్‌గా కూడా స్థిరపడకపోతే సంరక్షణ నియమం తప్పినట్లు.
5. నియమాలను ప్రోగ్రాములోనే వ్రాయుట: విభజన ముగిసిన వెంటనే ఎడమవైపు అంశాలన్నీ పైవట్‌కు మించలేదని, కుడివైపువి పైవట్ కంటే తక్కువ కాలేదని ప్రోగ్రాము చేతనే సరిచూపించాలి. నియమం తప్పిన క్షణంలోనే ప్రోగ్రాము ఆగితే, దోషం పుట్టిన చోటు తెలుస్తుంది.
6. అన్ని అమరికలనూ పరీక్షించుట: 0 నుండి 6 అంశాల వరకు గల వేరువేరు సంఖ్యల అమరికలు మొత్తం 874 మాత్రమే (1 + 1 + 2 + 6 + 24 + 120 + 720). వీటినన్నిటినీ కంప్యూటరు రెప్పపాటులో పరీక్షిస్తుంది. ఒకే విలువ పలుమార్లు వచ్చే జాబితాలను కూడా వీటికి చేర్చాలి. ఫలితాన్ని భాషతోపాటు వచ్చే క్రమీకరణ ఫంక్షను ఫలితంతో పోల్చాలి. ఆ విధంగా పోల్చితే క్రమం తప్పినా, అంశాలు పోయినా తెలుస్తుంది.
7. పరీక్షను భద్రపరచుట: దోషం సరిచేసిన తరువాత కూడా దానిని బయటపెట్టిన చిన్న జాబితాను పారవేయరాదు. తరువాత ప్రోగ్రాములో మార్పు చేసినప్పుడల్లా మళ్ళీ దానితో పరీక్షించాలి.

వేగానికి సంబంధించిన దోషం

జవాబు సరైనదైనా ప్రోగ్రాము చాలా ఆలస్యం చేస్తే అది కూడా దోషమే. చివరి అంశాన్నే పైవట్‌గా తీసుకొనే ప్రోగ్రాముకు అప్పటికే క్రమంలో ఉన్న జాబితా ఇస్తే, ప్రతి విభజనలోను ఒక భాగం ఖాళీగా, మరొకటి ఒక్క అంశం మాత్రమే తగ్గి ఉంటాయి. 1000 అంశాలకు 4,99,500 పోలికలు జరుగుతాయి. యాదృచ్ఛికంగా కలిపిన 1000 అంశాలకు సగటున సుమారు 11,000 పోలికలు చాలు. అంతేగాక పిలుపుల లోతు కూడా దాదాపు 1000కి చేరుతుంది కనుక పైథాన్‌లో పరిమితి దాటే సందేశం రావచ్చు. ఈ సందేశం చూసి ముగింపు షరతు తప్పని భావించడం సహజం. పిలుపులను ముద్రించి చూస్తే, ఆగని ప్రోగ్రాములో ఒకే జంట మళ్ళీ మళ్ళీ వస్తుంది, ఇక్కడ మాత్రం భాగం ఒక్కొక్కటిగా తగ్గుతూ ఉంటుంది. అన్నీ సమానమైన అంశాలు ఉన్న జాబితాకు కూడా లొముటో విభజన ఇదే విధంగా ప్రవర్తిస్తుంది.

దీనికి పలు నివారణలు ఉన్నాయి. పైవట్‌ను యాదృచ్ఛికంగా ఎన్నుకోవచ్చు. లేదా మొదటి, మధ్య, చివరి అంశాలలో నడిమి విలువను తీసుకోవచ్చు. సమాన విలువలు ఎక్కువగా ఉంటే జాబితాను చిన్నవి, సమానమైనవి, పెద్దవి అని మూడు భాగాలుగా విభజించవచ్చు. చిన్న భాగానికి మాత్రమే రికర్షన్ వాడి, పెద్ద భాగాన్ని లూప్‌తో కొనసాగిస్తే స్టాక్ లోతు అదుపులో ఉంటుంది. 1997లో డేవిడ్ ముస్సర్ ప్రకటించిన ఇంట్రోసార్ట్ పద్ధతిలో, పిలుపుల లోతు ఒక మేర దాటగానే ప్రోగ్రాము హీప్‌సార్ట్ అనే మరొక పద్ధతికి మారుతుంది.

అనుభవజ్ఞుల ప్రోగ్రాములలో దోషాలు

ఇటువంటి దోషాలు కొత్తవారికి మాత్రమే పరిమితం కావు. 1991లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో పనిచేస్తున్న అలన్ విల్క్స్, రిక్ బెకర్‌లు, కొద్ది నిమిషాలలో ముగియవలసిన క్రమీకరణ గంటల తరబడి సాగుతున్నదని గమనించారు. సి భాషతోపాటు వచ్చే "క్యూసార్ట్" ఫంక్షను కొన్ని రకాల జాబితాలకు పైన చెప్పిన నెమ్మదితనానికి లోనవుతున్నదని తేలింది. దీని పర్యవసానంగా జాన్ బెంట్లీ, డగ్లస్ మెక్‌ల్రాయ్‌లు మెరుగైన ఫంక్షనును రూపొందించి 1993లో ప్రకటించారు. అదే మెక్‌ల్రాయ్ 1999లో, దాదాపు ఏ క్విక్‌సార్ట్ ప్రోగ్రామునైనా నెమ్మదింపజేసే జాబితాను తయారుచేసే ఉపాయాన్ని వివరించాడు.

2006లో జాషువా బ్లాక్ మరొక దోషాన్ని వెల్లడించాడు. మరొక పునరావృత పద్ధతి అయిన మెర్జ్‌సార్ట్‌లోను, బైనరీ సెర్చ్‌లోను జాబితా మధ్య స్థానాన్ని (ఎడమ + కుడి) ÷ 2 అని లెక్కించడం వాడుక. జావా వంటి భాషలలో 32 బిట్ల పూర్ణాంకం గరిష్ఠ విలువ 2,14,74,83,647. జాబితాలో సుమారు 107 కోట్లకు మించి అంశాలు ఉంటే ఎడమ, కుడి విలువల మొత్తం ఈ పరిమితిని దాటి రుణసంఖ్యగా మారిపోవచ్చు. జావా భాష గ్రంథాలయంలోని ప్రోగ్రాములో కూడా ఈ లోపం ఏళ్ళ తరబడి ఉండిపోయింది. ఎడమ + (కుడి − ఎడమ) ÷ 2 అని వ్రాస్తే ఈ చిక్కు రాదు. ప్రోగ్రాము వ్రాసిన కాలంలో అంత పెద్ద జాబితాలు లేనందువలన ఏ పరీక్షలోనూ ఇది బయటపడలేదు.

నిరూపణ

పరీక్షలు దోషం ఉన్నదని చూపగలవు గాని, దోషం లేదని చూపలేవు. ప్రోగ్రాము సరైనదని గణితశాస్త్ర పద్ధతిలో నిరూపించే మార్గాన్ని 1969లో హోరే ప్రతిపాదించాడు. 1971లో ఎం. ఫోలీతో కలిసి అతడు క్విక్‌సార్ట్ సరిగా పనిచేస్తుందని ఈ మార్గంలో నిరూపించాడు. 

విభజనకు సంబంధించినంతవరకు నిరూపణ విద్యార్థులకు కూడా అందుబాటులో ఉంటుంది. లూప్‌లోని ప్రతి అడుగులోను "హద్దుకు ముందున్నవన్నీ పైవట్ కంటే చిన్నవి లేదా సమానమైనవి, హద్దు నుండి జ ముందు వరకు ఉన్నవన్నీ పైవట్ కంటే పెద్దవి" అనే వాక్యం నిజమై ఉంటుంది. లూప్ మొదలయ్యేటప్పుడు రెండు భాగాలూ ఖాళీ కనుక ఇది నిజం. ఒక అడుగులో నిజమైతే తరువాతి అడుగులోనూ నిజమవుతుందని చూపవచ్చు. కనుక లూప్ ముగిసేటప్పుడు కూడా నిజమే. మొత్తం ప్రోగ్రాముకు గణితంలోని అనుగమన పద్ధతి వర్తిస్తుంది. చిన్న భాగాలను ఫంక్షను సరిగా క్రమీకరిస్తుందని అనుకొని, పెద్ద భాగాన్ని కూడా సరిగా క్రమీకరిస్తుందని చూపితే చాలు.

దోషనివారణలో కూడా ఇదే వాదన ఉపకరిస్తుంది. లోపలి పిలుపులు తమ పనిని సరిగా చేస్తాయని అనుకొని, ఒక్క పిలుపును మాత్రమే పరిశీలించాలి. ఆ పిలుపు ఆగవలసిన చోట ఆగుతున్నదా, తనకంటే చిన్న భాగాలనే అప్పగిస్తున్నదా, ఏ అంశాన్నీ పోగొట్టకుండా విభజిస్తున్నదా అని చూడాలి. ఈ మూడు ప్రశ్నలకూ ఔనని రుజువు చేయగలిగితే ప్రోగ్రాము సరైన జవాబే ఇస్తుంది. ఏ ప్రశ్న వద్ద రుజువు ఆగిపోతే దోషాన్ని ముందుగా అక్కడ వెతకాలి.